పండగ పూట మోగే ఫోనుకు స్తోత్రం

పండగ రోజు సరిగ్గా భోజనాల వేళకు మోగే ఆఫీసు ఫోన్ ఉందే, అది మనిషికి దొరికిన మహాభాగ్యం! నవ్వకండి. నన్ను తిట్టే ముందు ఒక్క నిమిషం ఆలోచించండి.

సెలవు రోజున ఫోన్ మోగకపోతే ఏమవుతుంది? మనిషి ఇంట్లో ఉండాల్సి వస్తుంది! ఉంటే ఊరుకుంటారా? అటక మీంచి పెద్ద గిన్నె దించమంటారు. దించాక, అది కాదు, దాని వెనకది అంటారు. బావమరిది పక్కన చేరి కొత్త కారు మైలేజీ పురాణం విప్పుతాడు. పిల్లలైతే మరీ ఘోరం. "నాన్నా, నా బెస్ట్ ఫ్రెండ్ పేరేంటో చెప్పు" అని నిలదీస్తారు! ఇన్ని గండాల్లోంచి ఒక్క రింగుతో గట్టెక్కించే వస్తువును పట్టుకుని పీడ అంటామా?

నాకు తెలిసిన పళ్ల డాక్టరు ఒకాయన పండగ రోజు తన ఫోనుకు తనే అలారం పెట్టుకుంటాడు. అది మోగగానే "ఎమర్జెన్సీ!" అని క్లినిక్‌కు పరిగెత్తి, పేషెంట్ల కుర్చీ వెనక్కి వాల్చి, హాయిగా గుర్రుపెట్టి వస్తాడు. ఇంటిల్లిపాదీ పాపం అలసిపోయాడని జాలిపడి కాళ్లు పడతారు. ఇంతకు మించిన సెలవుంటుందా?

నమ్మకం కుదరలేదా? అయితే లిఫ్ట్ బ్రదర్ కేసు వినండి.

ఆయన లిఫ్టులు రిపేరు చేసే మెకానిక్. చర్చిలో అందరూ ఆయన్ని లిఫ్ట్ బ్రదర్ అనే పిలుస్తారు. ఆయన కంపెనీ మహా దయగలది. క్రిస్మస్‌కు అందరికీ సెలవిచ్చి, కంట్రోల్ రూముకు తాళమేసి, లిఫ్టుల్లోని అలారం బటన్లన్నింటినీ తిన్నగా ఆయన జేబులోని ఫోనుకు కలిపేసింది. "నీకూ సెలవేనయ్యా, ఫోన్ వస్తే తప్ప" అన్నాడు మేనేజరు. ఫోన్ రాని పండగ ఇంతవరకూ రాలేదు.

ఆయన అత్తవారింట్లో ఒక పద్ధతుంది. పండగ భోజనానికి ముందు బల్ల చుట్టూ కూర్చున్న ప్రతివారూ, ఆ ఏడాది దేవుడు చేసిన మేలు ఒకటి చెప్పి స్తోత్రం చెల్లించాలి. పెద్దలు ముందు, పిల్లలు చివర. అత్తగారు మొదలుపెడితే కుడి మోకాలి నొప్పి దగ్గర బయల్దేరి, ప్రపంచ శాంతి మీదుగా సాగి, ఎడమ మోకాలి దగ్గర ఆగుతారు. ఈలోగా లిఫ్ట్ బ్రదర్ జేబు మోగుతుంది. అందరికంటే చిన్నది ఆయన కూతురు. దాని వంతు వచ్చేసరికి ఆయన ఎక్కడో ఎవరి లిఫ్టు తలుపులో తెరుస్తూ ఉంటాడు. కూతురు ఏమని స్తోత్రం చెబుతుందో ఆయన ఒక్కసారీ వినలేదు!

ఈసారి పండగ భోజనం బావమరిది ఇంట్లో. ఆ అపార్ట్‌మెంటు గేటు దగ్గరే పిల్ల ఆయన చొక్కా పట్టుకుంది.

"నాన్నా, నా వంతు దాకా ఉంటావా?"

"ఉంటానే తల్లీ."

"పోయినేడూ ఇలాగే అన్నావు."

"ఈసారి చూడు, పనిముట్ల సంచి ఈ వాచ్‌మన్ గదిలోనే వదిలేస్తున్నా. చాలా?"

"మరి ఫోను?"

లిఫ్ట్ బ్రదర్‌కు ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

నలుగురూ లిఫ్టెక్కారు. ఆయన, భార్య, కేకు పెట్టె పట్టుకున్న అత్తగారు, పిల్ల. తలుపులు మూసుకున్నాయి. లిఫ్టు సగం దూరం ఎక్కింది. ఒక్క కుదుపు! ఆగిపోయింది.

అత్తగారు కెవ్వుమని అలారం బటన్ మీద బొటనవేలు పెట్టి తియ్యలేదు. అంతే! లిఫ్ట్ బ్రదర్ జేబులో ఫోన్ మోగింది. అలవాటైన చెయ్యి దానంతటదే ఫోన్ తీసి చెవికి ఆనించింది.

"కంగారు పడకండి. లోపల ఎంతమంది ఉన్నారు?"

"నలుగురం," అంది భార్య, పక్కనే నిలబడి. "మీతో కలిపి."

ఆయన మాటలు గోడలోని స్పీకర్లోంచి కూడా వినిపించాయి. అత్తగారి ముఖం వెలిగిపోయింది.

"ప్రైజ్ ది లార్డ్! ఎవరో గానీ, మా అల్లుడికంటే ఎంతో మర్యాదగా మాట్లాడుతున్నాడు."

లిఫ్ట్ బ్రదర్ ఫోన్ పెట్టేసి బావమరిదికి చేశాడు. "వాచ్‌మన్ గదిలో నా సంచి ఉంది. అందులో తాళంచెవి తీసుకుని పైన లిఫ్టు మిషన్ రూముకెళ్లు."

"కిందికెలా దిగను బావా, లిఫ్టు ఆగిపోయింది కదా?"

"మెట్లని ఉంటాయి, చూడు."

"అబ్బో! మొత్తానికి నీ లిఫ్టు నిన్నే మింగిందన్నమాట. వస్తున్నాలే, కేకు మాత్రం జాగ్రత్త!"

దొరికిందే సందని అత్తగారు కళ్లు మూసుకున్నారు. కుడి మోకాలు, ప్రపంచ శాంతి, ఎడమ మోకాలు. తర్వాత భార్య, ఆ తర్వాత ఆయన. ఇక పిల్ల వంతు. చేతులు జోడించింది. నోరు తెరిచింది.

ఫోన్ మోగింది!

వేరే అపార్ట్‌మెంటు. "హలో! మా లిఫ్టు ఆగిపోయిందండీ, వెంటనే రండి!"

లిఫ్ట్ బ్రదర్ కూతురి వైపు చూశాడు. పిల్ల జోడించిన చేతులు మెల్లగా విడిపోతున్నాయి.

"రాలేనండీ," అన్నాడాయన, ఉద్యోగంలో చేరాక మొదటిసారి. "నేనూ లిఫ్టులోనే ఇరుక్కున్నా. మా మేనేజరు నంబరు ఇస్తా. ఆయన్ని పిలవండి."

"పండగ పూట ఆయన్నెలా డిస్టర్బ్ చేస్తామండీ?"

"చెయ్యండి. చాలా సంతోషిస్తాడు." నంబరు చెప్పి ఫోన్ పెట్టేశాడు.

పిల్ల చేతులు మళ్లీ గబగబా కలిశాయి.

"ప్రభువా, ప్రతి ఏడూ నేను ఒకటే అడిగాను. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లని తొందరగా బయటికి తియ్యి, మా నాన్న ఇంటికొచ్చెయ్యాలి అని. ఈసారి ఇరుక్కున్నవాళ్లని మాత్రం తొందరగా తియ్యకు. నాన్నని ఎటూ పోనివ్వకుండా మాతోనే ఉంచినందుకు స్తోత్రం. ఆమెన్."

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది అత్తగారు. భార్య ఎందుకో గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకుంది.

అప్పుడే బావమరిది ఫోన్ చేశాడు, రొప్పుతూ. "మిషన్ రూములో ఉన్నా బావా! ఏ స్విచ్?"

లిఫ్ట్ బ్రదర్‌కు ఆ స్విచ్ కళ్లు మూసుకున్నా తెలుసు. కేకు పెట్టె తెరుస్తున్న కూతురిని చూశాడు.

"ఆలోచించాలిరా. కాసేపు కూర్చో. నీ కారు మైలేజీ ఎంతన్నావు?"

చూశారా, ఆఫీసు ఫోన్ మహిమ! అది లేకపోతే ఆ కుటుంబానికి అంత మంచి క్రిస్మస్ దొరికేదా? అందుకే పండగ ఫోన్లు ఆపమని కంపెనీలను నేను అడగను. తండ్రిని బిడ్డ దగ్గర కూర్చోబెట్టడానికి ఆగిపోయిన లిఫ్టే కావాలంటే, అలాగే కానివ్వండి. వచ్చే క్రిస్మస్‌కు మేనేజర్లందరినీ కుటుంబాలతో సహా తలా ఒక లిఫ్టు ఎక్కించి, మధ్యలో ఆపుదాం. ఏం భయం లేదు, అలారం బటన్ ఉంటుంది. నొక్కితే మోగుతుంది కూడా.

ఎత్తేవాడికి మాత్రం ఆ రోజు సెలవు.