ఆర్పడానికి వేసిన మంటలు

ఒక పెద్ద అడవిలో జరిగిందని మొదలుపెట్టేద్దును గానీ, ఈ కథలో అడవులు నాలుగు. నాలుగూ తామే పెద్ద అనుకునేవి. అందుకని, నాలుగు పెద్ద అడవులు కలిసే చోట ఒక మడుగు ఉండేదని మొదలుపెడదాం.

ఆ మడుగులో తుంగమ్మ అనే నీటికుక్క తన ఇద్దరు పిల్లలతో కాపురం ఉండేది. ఈదడం, చేపలు పట్టడం, మధ్యమధ్య లెక్కలు వేసుకోవడం దాని పనులు. ఆ ఏడు ఏ లెక్క వేసినా ఒకటే తేలుతోంది. కిందటేడు ఎలుగుబంటి మెడదాకా వచ్చిన నీళ్లు ఇప్పుడు దాని మోకాళ్లు దాటడం లేదు. ఇదే వరసన తగ్గితే వచ్చే ఏటికి పిల్లలు ఈదాల్సింది బురదలోనే.

కారణం అందరికీ తెలుసు. పొగ. ఎప్పుడో పిడుగు పడి రగిలిన మొద్దు నుంచి నిప్పు తెచ్చుకుని ఎలుగుబంట్లు చలి కాచుకోవడం నేర్చాయి. వాటిని చూసి కోతులు, కోతుల్ని చూసి అడవిదున్నలు. సాయంత్రమైతే చాలు, ఎక్కడ చూసినా ఎండుకట్టెల మంటలే. ఆ పొగలోకి మబ్బులు వచ్చేవి కావు. దారి తప్పి వచ్చినవి కూడా తుమ్ముకుంటూ వెళ్లిపోయేవి.

తుంగమ్మ దీనికో ఉపాయం కనిపెట్టింది. నల్లటి బల్లపరుపు రాళ్లను పగలంతా ఎండలో పరిచి ఉంచేది. పొద్దుగూకాక పిల్లల్ని వాటి మీద పడుకోబెడితే తెల్లారేదాకా వెచ్చగా నిద్రపోయేవి. మంట లేదు, పొగ లేదు, కట్టెలు ఏరే బాధ అసలే లేదు. ఈ సంగతి నలుగురికీ చెబితే మడుగు బతుకుతుందన్న హుషారులో, ఒక రాయిని నెత్తిన పెట్టుకుని నాలుగు అడవుల మహాసభకు బయల్దేరింది.

అక్కడికి వెళ్లేసరికి దానికి దారి కనిపించలేదు. అతిథి ఎంత పెద్దవాడైతే అతని ముందు అంత పెద్ద మంట వేయడం ఆ సభ మర్యాద. పొగ తగ్గించే సభ కదా, ఈసారి పెద్దవాళ్లంతా వచ్చారు. ఎవరి మొహం ఎవరికీ కనిపించడం లేదు.

అధ్యక్షుడు ఏనుగు దగ్గు ఆపుకుని, "పొగ తగ్గాలి!" అంది.

అంతా చప్పట్లు కొట్టారు.

"ఎవరు తగ్గించాలి?" అని అడిగింది కోతి.

చప్పట్లు ఆగిపోయాయి.

"అందరం," అంది ఎలుగుబంటి, మంటకు వీపు పెట్టి కాచుకుంటూ.

"భలే చెప్పావు బావా! తాతల నాటి నుంచి మీరు కాచుకున్నారు. మేం మొన్న మొన్న అంటించుకున్నాం. ఇంకా అరచేతులే వెచ్చబడలేదు, ఆర్పేయమంటావా?" అంది కోతి.

"మా వైపు చలెక్కువ."

"ఒంటి నిండా అంత గొంగళి పెట్టుకుని నీకు చలేంటి!"

ఏనుగు తొండం ఎత్తి ఇద్దర్నీ ఊరుకోబెట్టి, గడువు మాట ఎత్తింది. ఈ సాయంత్రానికల్లా ఆర్పేయాలంది ఒక ఉసిలిపురుగు. దానికి అంతకు మించి ఆయుష్షు లేదు. తాబేలు దాన్ని జాలిగా చూసి, "ఆవేశం వద్దు. నా జీవితకాలంలో ఆర్పించి తీరతాను," అని గుండె మీద చెయ్యి వేసుకుంది.

తాబేళ్లు నూటయాభై ఏళ్లు బతుకుతాయని గుర్తొచ్చింది తుంగమ్మ ఒక్కదానికే. మిగతావాళ్లంతా కళ్లనీళ్లు పెట్టుకున్నారు, సగం ఆనందంతో, సగం పొగతో. తాబేలును అక్కడికక్కడే తనిఖీ అధికారిని చేశారు.

ఇదే అదనని తుంగమ్మ రాయి దించింది. "అధ్యక్షా, ఒక్కసారి దీన్ని ముట్టుకు చూడండి. పొద్దున ఎండలో పెట్టాను."

ఏనుగు తొండంతో తడిమింది. "అరె, వెచ్చగానే ఉందే!"

"మరి పొగేదీ?" అంది అడవిదున్న అనుమానంగా. "పొగ రాకుండా ఇది పనిచేస్తోందని నమ్మేదెలా?"

ప్రశ్న చాలా లోతుగా ఉందని సభ అభిప్రాయపడింది. అడవిదున్న నాయకత్వంలో రాళ్ల అధ్యయన ఉపసంఘం వేశారు. ఉపసంఘం వెంటనే వెళ్లి రాయి మీద కూర్చుంది, ఆ వెచ్చదనానికి వెంటనే నిద్రపోయింది.

అప్పుడు లేచింది నక్క. "బలవంతపెడితే ఎవరు వింటారు? లాభం చూపించాలి. ఒక మంట ఆర్పినవాళ్లకి ఒక తేనెపట్టు! తేనె ఎలుగుబంట్లు ఇస్తాయి."

"మేమెందుకు ఇవ్వాలి?" ఉలిక్కిపడింది ఎలుగుబంటి.

"ఇంకొకడు ఆర్పిన మంట నీ పద్దులో పడుతుంది కాబట్టి. నీ మంట నువ్వు నిశ్చింతగా కాచుకోవచ్చు. వాళ్లకి తేనె, నీకు వెచ్చదనం, అందర్నీ కలిపినందుకు మధ్యలో ఒక్క ముక్క నాకు."

"ఒకటి ఆరి, ఒకటి అలాగే ఉండిపోతే పొగ తగ్గేదెప్పుడు మామా?" అంది తుంగమ్మ.

"లెక్కలదేముందమ్మా, తర్వాత చూసుకుందాం. ముందు నమ్మకం ఉండాలి!"

ఈసారి చప్పట్లకు పొగ కూడా కాస్త పక్కకు జరిగింది.

మర్నాడు పొద్దున్నే కప్పల పెద్ద నక్క గుహకు వచ్చింది. "మామా, మేం కప్పలం పుట్టి బుద్ధెరిగి మంట వేసి ఎరగం. మాకెన్ని పట్టులొస్తాయి?"

"ఒక్కటీ రాదు."

"అదేంటి! అసలు పొగ పెట్టనివాళ్లం మేమే కదా!"

"వెయ్యని మంటను ఎలా ఆర్పుతావయ్యా? ముందు ఒకటి వేసుకుని రా."

కప్పల పెద్ద ఇంకాస్త ముందుకు గెంతింది. "ఎంతది వెయ్యాలి?"

"నీ ఓపిక. పెద్ద మంటకి పెద్ద పట్టు."

ఆ మాట మధ్యాహ్నానికల్లా నాలుగు అడవులూ చుట్టేసింది. కుందేళ్లు బొరియల ముందు కట్టెలు పేర్చాయి. ముళ్లపందులు ముళ్లకు గుచ్చుకుని పుల్లలు మోశాయి. చేపలు సైతం ఒడ్డుకు తల పెట్టి కాస్త నిప్పు దొరుకుతుందా అని తుంగమ్మనే అడిగాయి. కోతులైతే ఉన్న ఒక మంటను నాలుగు ముక్కలు చేసి నాలుగు చోట్ల పెంచాయి.

"అమ్మా, మనమూ ఒకటి వేద్దామే," అంది తుంగమ్మ చిన్న పిల్ల. "తేనె!"

"మనకు రాళ్లున్నాయిగా."

"రాళ్లకి తేనె ఇవ్వరా?"

"ఇవ్వరు నాన్నా. మనం ఏదీ ఆర్పలేదు," అని మడుగు వైపు చూసింది తుంగమ్మ. నీళ్లు ఎలుగుబంటి మోకాళ్ల నుంచి మడమలకు దిగాయి. ఒడ్డున ఒక ఎండుపుల్ల కాలికి తగిలింది. దాన్ని చేతిలోకి తీసుకుంది. పిల్ల మొహం చూసింది, పుల్ల చూసింది. చివరికి విసిరేసి, ఎండలోకి ఇంకో రాయి దొర్లించింది.

మంటలు ఆర్పి తేనెపట్లు తీసుకోవడానికి నక్క పెట్టిన రోజు రానే వచ్చింది. ఆర్పే ముందు బాగా రగిలితేనే మంట పెద్దదిగా లెక్కకొస్తుందని, ఎన్నో ఏళ్లుగా అడవుల్లో రాలి పడున్న ఎండుకట్టెనంతా తెచ్చి ఒక్కసారే కుమ్మరించారు. పట్టపగలే పొద్దుగూకినట్టయింది. ఆ పొగలోంచి నల్లటి గుంపొకటి పైకి లేచింది.

"మబ్బు! మబ్బొచ్చింది!" అని ఎలుగుబంటి గంతులేసింది. "చూశావా తుంగమ్మా, మన ఒప్పందం ఫలించింది!"

"అది మబ్బు కాదన్నా. మీ తేనెటీగలు."

ఎలుగుబంటి గంతు సగంలో ఆగిపోయింది. పొగ పడని తేనెటీగలు నాలుగు అడవులూ వదిలి కొండ అవతలికి పోతున్నాయి. గుంపులో మొదటిది కనుమరుగయ్యే లోపే కప్పలు మంటలార్పి వరసలో నిలబడ్డాయి.

"మామా, మా పట్టేది?"

"వస్తుంది, పైనుంచి రావాలి," అంది నక్క, పైకి చూడకుండా.

"పైకే పోయాయిగా!"

ఆ తర్వాత నక్క మాట్లాడింది తక్కువ, పరిగెత్తింది ఎక్కువ.

సాయంత్రం చలి దిగింది. మంట వేద్దామంటే నాలుగు దిక్కులు వెతికినా ఎండుపుల్ల లేదు. ఏనుగు ఒక పచ్చి చెట్టు విరిచి నిప్పు పెట్టింది. అది బుస్సుమని నాలుగు బుడగలు వదిలి ఊరుకుంది.

ఎలుగుబంటి వణుక్కుంటూ మడుగు ఒడ్డుకు వచ్చింది. "చెల్లీ, నా వీపుకు సరిపడే రాయేమైనా ఉందా?"

"కావలసినన్ని ఉన్నాయన్నా. అటు జరుగు, పిల్లలు పడుకున్నారు."

ఎలుగుబంటి వెనక కోతులు, వాటి వెనక కుందేళ్లు. మర్నాడు ఏనుగే దగ్గరుండి బండలు దొర్లించి ఎండలో పెట్టింది. ఒళ్లంతా గీరుకుపోయిన నక్క కూడా చివర్లో వచ్చి, "మధ్యలో ఒక్క ముక్క చోటుంటే..." అని నసిగింది. కప్పలు కాసేపు బతిమాలించుకుని జరిగాయి.

పొగ లేని ఆకాశం నెమ్మదిగా నీలంగా తేలింది. మబ్బులు తుమ్మకుండా లోపలికి వచ్చాయి. వాన పడింది. ఎలుగుబంటి మడుగులో దిగి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తుంగమ్మకు గర్వంగా చూపించింది. మెడ దాటాయి. నీటికుక్క పిల్లలు దాని తల మీదికెక్కి నీళ్లలోకి దూకాయి.

సరిగ్గా అప్పుడు చేరుకుంది తాబేలు, తనిఖీకి. నాలుగు వైపులా తల తిప్పి చూసింది. ఎక్కడా పొగ జాడ లేదు. "ఒప్పందం నూటికి నూరు పాళ్లూ అమలైంది! అదీ గడువుకు ఎంతో ముందుగా!" అని ప్రకటించింది. అప్పుడే మేలుకున్న ఉపసంఘం, రాయి వెచ్చగా ఉన్నట్టు ప్రాథమికంగా తేలిందని చెప్పింది.

ఏనుగు ఆనందం పట్టలేక, "ఈ విజయానికి గుర్తుగా ఒక పెద్ద మంట వేసి..." అంటూ చుట్టూ చూసి, ఆగిపోయింది.

"మీ ఒప్పందం వల్లే అయిందనుకోండి అధ్యక్షా," అని నవ్వింది తుంగమ్మ. "రాయి మీంచి మాత్రం లేవకండి."

నీతి: మంచి ఒప్పందాన్ని తొందరపడి అమలు చేయకూడదు, కట్టెలు అయిపోయేదాకా ఓపిక పడితే దానంతటదే అమలవుతుంది.