శేషారత్నం చూసిన కార్ల పందెం

నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాకా గల రహదారిని, 2003 డిసెంబరులో ఒక శని, ఆదివారాల్లో, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్రజల బెడద లేకుండా చేయనున్నామని నగర వేగోత్సవ నిర్వహణ సంఘం సంతోషంగా ప్రకటించింది. ఆ రెండు రోజులూ అక్కడ రేసు కార్లు పరుగెత్తుతాయి. బస్సు కదలలేని చోట కార్ల పందెం పెట్టే సాహసం దేశంలో మరే నగరమూ చేయలేదు గనుక ఇది మనందరికీ గర్వకారణమని కూడా ఆ ప్రకటనలో ఉంది.

పనులు చకచకా సాగాయి. ఏళ్ల తరబడి జనం పేర్లు పెట్టి పిలుచుకుంటున్న గుంతలు వారంలో పూడిపోయాయి. తోపుడుబండ్లు మాయమయ్యాయి. స్పీడ్ బ్రేకర్లను చెక్కేశారు. రోడ్డు వారన పూలకుండీలు వెలిశాయి. వాటిని ఎవరూ ఎత్తుకుపోకుండా కుండీకొక హోంగార్డు వెలిశాడు. గ్యాలరీలు ఖాళీగా కనిపిస్తే పరువు పోతుందని ఆఫీసులకు పాసులు పంచారు. "సిబ్బంది యావన్మందీ కుటుంబ సమేతంగా, స్వచ్ఛందంగా, తప్పనిసరిగా హాజరు కావలెను" అని సర్క్యులర్ కూడా వచ్చింది.

గౌలిగూడ వాస్తవ్యుడు, నాంపల్లిలోని ఒకానొక కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు అయిన వామన్‌రావు ఆ సర్క్యులర్ మీద సంతకం పెట్టి, తర్వాత తల పట్టుకున్నాడు. శుక్రవారం ఆయన భార్య శేషారత్నానికి కంటి శుక్లం ఆపరేషన్. శనివారం పదకొండు గంటలకు కట్టు విప్పాలి. డాక్టరమ్మ యూనీస్ గారి దవాఖాన సరిగ్గా ఆ రేసు రోడ్డుకు అవతలి వైపునే ఉంది.

రెండేళ్లుగా శేషారత్నానికి లోకం మసకలోనే నడుస్తోంది. చాయ్‌లో ఉప్పు పడుతోంది. ఎదురింటి వాళ్లను గొంతు విని గుర్తుపడుతోంది. పైగా వాళ్ల అక్క అనసూయకు ఎక్కడో ఆపరేషన్ చేశాక అసలుకే చూపు పోయింది. అందుకని శనివారం ఇల్లు కదిలేముందు ఒక మాట అంది.

"కట్టు ఇప్పినంక ఏం కనబడకపోతే నాకు జల్ది చెప్పకున్రి. జర ఆగి చెప్పున్రి."

ఆబిడ్స్ అనగానే ఆటోవాళ్లు నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. వామన్‌రావు ఆమె చెయ్యి పట్టుకుని నడిపించాడు. కోఠి దాటి ఆబిడ్స్ చేరేసరికి ఇనుప కంచె, కంచె ముందు కానిస్టేబుల్.

"రోడ్డు దాటనియ్యం. పైనుంచి ఆర్డర్ ఉంది."

"గదిగో, ఎదురుంగనే దవాఖాన. ముప్పై అడుగులు లేదు సార్!"

"ముప్పై అడుగులే గదా, యాడికి పోతది? సాయంత్రం దాటున్రి."

"ఎనకనుంచి గల్లీ ఉండాలె గద?"

"గల్లీల పెద్దోళ్ల కార్లు పెట్టిన్రు."

వామన్‌రావు వేరే దారిలేక పాసులు బయటికి తీశాడు. కానిస్టేబుల్ ముఖం విప్పారింది. "పాసుంటే ముందుగాల్నే చెప్పాలె గద పెద్దాయనా! లోపల కూసోనీకి పోవచ్చు. దాటనీకి మాత్రం పోవద్దు."

లోపలికి వెళ్లారు. వాళ్ల వెనకే గేటుకు తాళం పడింది. ప్రేక్షకులు కార్యక్రమాన్ని సంపూర్ణంగా ఆస్వాదించాలన్నది సంఘం వారి ఆశయం. పదకొండున్నరైంది. ఎటు పోవాలో తోచక నిలబడ్డ వామన్‌రావుకు గ్యాలరీ కింద ప్రథమ చికిత్స డేరా, అందులో ఆవలిస్తూ డాక్టర్ యూనీస్ కనిపించారు.

"మీరిక్కడున్నారా!" అంటూ ఆవిడ లేచారు. "కంటి డాక్టర్నని ఎంత చెప్పినా వినకుండా నన్ను తెచ్చి ఇక్కడ డ్యూటీ వేశారు. మీ కట్టు విప్పాలి, ఒక్కసారి దాటనివ్వండని గంట నుంచి అడుగుతున్నా. పొద్దుటి నుంచి వచ్చిన రోగులు ఇద్దరే. ఇద్దరికీ సమోసాలు పడలేదు."

అక్కడే ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి చేతులు కడుక్కుని కట్టు విప్పారు. శేషారత్నం మెల్లగా కన్ను తెరిచింది. రోడ్డు వైపు చూసింది. నల్లగా నిగనిగలాడే తారు. తెల్లటి గీతలు. పూలకుండీలు. ఒక్క గుంత లేదు, ఒక్క ఉమ్మి మరక లేదు, ఒక్క మనిషి లేడు.

ఆమె కంట నీరు తిరిగింది.

"నా కన్ను పోయింది డాక్టరమ్మా. ఉన్నది కనబడ్తలేదు. లేనిది కనబడ్తున్నది."

డాక్టరమ్మ కంగారుగా వేళ్లు చూపించారు. శేషారత్నం సరిగ్గా లెక్కపెట్టింది. ఎదురు బోర్డు మీది అక్షరాలు చదివింది. వామన్‌రావు చొక్కాకు రెండో బొత్తాం ఊడిందని కూడా చెప్పింది. అప్పుడు గాని వామన్‌రావుకు ఊపిరి ఆడలేదు.

"పిచ్చిదానా, కన్ను మంచిగనే ఉంది. రోడ్డే రెండు రోజులకు గిట్ల మారింది," అన్నాడు. ఆమె నమ్మలేదు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని గ్యాలరీలో బిగుసుకుని కూర్చుంది.

పన్నెండు కార్లు చెవులు చిల్లులు పడేలా పోయాయి, వచ్చాయి, పోయాయి. ఎవరు గెలిచారో ఎవరికీ తెలియలేదు. ఆపైన సంఘాధ్యక్షుల వారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! నిన్నటిదాకా నాంపల్లి నుంచి ఆబిడ్స్‌కు నలభై నిమిషాలు. నేడు యాభై సెకన్లు! ట్రాఫిక్ సమస్యకు కారణం రోడ్లు కావనీ, ప్రజలేననీ ఈనాడు శాస్త్రీయంగా రుజువైంది!"

ప్రజలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

అయిదింటికి కంచెలు తీశారు. అయిదూ అయిదుకల్లా నాలుగు వైపుల నుంచీ స్కూటర్లు, ఆటోలు, బస్సులు ఎగబడ్డాయి. ఒక్కరు పట్టే సందులో నలుగురు దూరారు. ఇంటికి బయలుదేరిన రేసు కారొకటి అరటిపళ్ల బండి వెనక చిక్కుకుని దీనంగా గుర్రుమంది. ఎవడో కుండీలో పాన్ ఉమ్మాడు. అది చూసిన శేషారత్నం ముఖం వికసించింది.

"అమ్మయ్య! ఇప్పుడు మంచిగ కనబడ్తున్నది," అంది.

వామన్‌రావు ఎలాగో ఒక ఆటో దొరికించుకున్నాడు. అది కాసేపు కదిలి, ఆగి, ఇక కదలలేదు. మధ్యాహ్నం నుంచి ఆకలి మీదున్న వామన్‌రావు డ్రైవరు అంజయ్య భుజం తట్టాడు.

"గట్ల చూస్తవేంది? రాంగ్ సైడ్‌ల కొట్టు. ఎవరు చూస్తున్నరు?"

"నేను చూస్తున్న," అంది శేషారత్నం.

అంజయ్య ఇంజను ఆపేసి బుద్ధిగా కూర్చున్నాడు. రెండో కంటి ఆపరేషన్‌కు వచ్చే నెల రమ్మని డాక్టరమ్మ రాసిచ్చిన చీటీని వామన్‌రావు జేబులో తడుముకున్నాడు. ఒక కుటుంబానికి ఒక కన్ను చాలదా అని చాలా సేపు ఆలోచించాడు.