ఊరికే నడిచిన మనిషి

కార్తీకం వచ్చి ఎండ మెత్తబడేసరికి ప్రొద్దుటూరు బట్టల కొట్టు నాగేంద్రకు నడక మీదికి మనసు పోయింది. వచ్చే శని, ఆదివారాలు శేషాచలం కొండల్లోని నేషనల్ పార్కులో నడవడానికి తన పేరూ, భార్య ఉమాదేవి పేరూ ఇచ్చేశాడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఇద్దరూ కలిసి సరదాగా ఎక్కడికీ పోలేదు. ఈసారైనా ఆమె రావాలని అతని ఆశ.

"ముందు జమ్మలమడుగు నుంచి గండికోట దాకా నడిచి చూపియ్యి. యాడన్నా బండెక్కితే నేను రాను," అందామె.

మర్నాడే, ఆదివారం పొద్దున్నే జమ్మలమడుగులో బస్సు దిగి, వీపున సంచి తగిలించుకుని బయల్దేరాడు. నాలుగు కిలోమీటర్లు పోయాక మేకలు తోలుకొస్తున్న గంగులయ్య ఎదురయ్యాడు.

"బస్సు పొయ్యిందా అప్పా?"

"లేదు. ఊరికే నడుస్తాండా."

ఊరికే నడిచేవాణ్ణి గంగులయ్య అరవై ఏళ్ళలో చూడలేదు. "ఇంట్లో ఏమన్నా గొడవా?"

"గొడవేం లేదు. మా ఆడమనిషే నడువు అనింది."

గంగులయ్యకు అంతా అర్థమైపోయింది. అటుగా మోటారు సైకిల్ మీద వస్తున్న నారాయణను ఆపి, పాపం పెండ్లాం వెళ్ళగొట్టిందని చెవిన వేశాడు. నారాయణ మెత్తటి మనిషి. ముందుకు పోయి నాగేంద్ర పక్కన బండి ఆపి, ఎక్కమన్నాడు.

"ఎక్కితే ఆమె నాతో రాదప్పా," అన్నాడు నాగేంద్ర.

"ఆమెది యా ఊరు?"

"పులివెందుల. ట్రాక్టర్ షెడ్డు గోపి నా బామ్మర్ది."

నారాయణ ట్రాక్టర్ బాగుచేసేది ఆ గోపే. మలుపు తిరగ్గానే ఫోన్ చేశాడు. "మీ బావ ఇల్లిడిచి గండికోట లోయ తట్టు పోతాండాడు. ఎంత చెప్పినా బండెక్కల్యా."

గోపి బావకు ఫోన్ చేస్తే అది సంచి అడుగున మోగి మోగి ఊరుకుంది. జీపు తీసి, ప్రొద్దుటూరులో అక్కను ఎక్కించుకుని గండికోట దారి పట్టాడు. తను పెట్టిన షరతుకు మనిషి ఇంత మనసు కష్టపెట్టుకున్నాడా అని ఉమాదేవి దారి పొడుగునా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

గండికోట ఇంకా రెండు కిలోమీటర్లుందనగా జీపు నాగేంద్రకు అడ్డంగా ఆగింది. ఆమె దిగి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు యాడికి పిలిస్తే ఆడికి వస్తా. ఇంటికి పోదాం రా."

నాగేంద్రకు ఏమీ అర్థం కాలేదు గానీ ప్రాణం లేచొచ్చింది. "ఇప్పుడు జీపెక్కితే నువ్వు రానంటివే?"

ఆమె అతని మొహంలోకి చూసింది. లోయలో దూకే మొహం కాదది. ఏడుపు మధ్యలోనే నవ్వేసి, అతని చెమట కొంగుతో తుడిచింది. ఇద్దరూ కలిసి నడిచారు, వెనకే గోపి జీపు. ఇంకో అర కిలోమీటరుందనగా నాగేంద్ర మడమలు బొబ్బలెక్కి కూలబడ్డాడు.

"ఎక్కు. ఎవురికీ చెప్పన్లే," అని, మిగిలిన దారి ఉమాదేవి ఒక్కతే నడిచింది.

గొడవేమీ లేదని ఇద్దరూ ఎంత చెప్పినా గోపి నమ్మలేదు. శనివారం పార్కు దగ్గర పేర్లు రాసుకునే ఆయన ఈ మూడో మనిషి ఎవరని అడిగితే, మధ్యవర్తినన్నాడు గోపి.