పులి వచ్చిన తేదీ

సక్కుబాయిని పులి చంపలేదు. చంపడానికి ఆ అడవిలో పులే లేదు. లేదని రేంజర్ ఓంప్రకాశ్ రాసి, సంతకం పెట్టి, ముద్ర కూడా వేశాడు. నిరుడు కార్తీకంలో చేలో పత్తి ఏరుతున్న మనిషిని మెడ కరిచి వాగుదాకా ఈడ్చుకుపోయింది, కాగితం ప్రకారం, అడవిపంది.

ఈ పుష్యంలో మంత్రి భానుప్రసాద్‌గారు భైంసా సభలో ప్రకటించారు: "పులి లేని అడవి మన జిల్లాకే నామోషి. ఆదివారం పొద్దుగాల ఏడింటికి నేను పులిని చూస్తున్న." జనం చప్పట్లు కొట్టారు. పులిని ఎవరూ అడగలేదు.

శనివారం ఓంప్రకాశ్ స్వయంగా సక్కుబాయి భర్త మొండయ్య ఇంటికి వచ్చాడు.

"మొండన్నా, పులి ఏ దారిన తిరుగుతదో జర చూపియ్యాలె."

"లేదని మీరే రాసిండ్రు గద సారూ."

"అది రికార్డు. గీయన మంత్రి."

మొండయ్య ఒప్పుకున్నాడు. మంత్రే కళ్లారా చూస్తే పంది కాగితం మారక తప్పదు. భార్య ఎలా పోయిందో ఉన్నదున్నట్టు రాస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకున్నాడు.

ఆదివారం మంచులో పక్క చెట్టు కనబడలేదు. ఇరవై రెండు బండ్లు సైరన్లతో వచ్చాయి. పులి వెనకనుంచి దూకుతుందని అక్కడ పత్తి ఏరేవాళ్లు తల వెనక మనిషి ముఖం మాస్కు కట్టుకుంటారు. పార్టీవాళ్లు ఆ ఆచారాన్ని గౌరవించి, మాస్కుల మీద మంత్రిగారి ముఖమే అచ్చు వేయించారు. నలభైమంది భానుప్రసాద్‌లు వెనక్కి చూస్తూ ముందుకు నడిచారు.

వాగు దగ్గర మొండయ్య నినాదాలు ఆపమన్నాడు. ఆపాలని నినాదాలిచ్చారు. ఏడూ నలభైకి మంచు కాస్త విడి, పులి వాగు దాటుతూ కనబడింది. ఒకసారి అందరినీ చూసి, ఆవలించి, పొదల్లోకి పోయింది. మంత్రిగారు దాన్ని జీపు సీటు కిందినుంచి నిబ్బరంగా తిలకించారు.

తర్వాత మైకు పెట్టారు. తమ పాలన మీద నమ్మకంతో పులి ఈ రోజే తొలిసారి ఈ అడవిలో అడుగుపెట్టిందని మంత్రిగారు సెలవిచ్చారు. ఓంప్రకాశ్ తేదీ, టైము రాసుకున్నాడు.

మొండయ్య ముందుకు వచ్చాడు. "సారూ, నిరుడు మా సక్కుబాయిని కొట్టింది గదే పులి. పంది అని రాసిండ్రు. మార్పియ్యాలె."

మంత్రిగారు రేంజర్ వైపు చూశారు. రేంజర్ ఓపిగ్గా వివరించాడు.

"పులి ఇయ్యాల వచ్చిందే మొండన్నా. నిరుడెట్ల సంపుతది?"

న్యాయమేనని నలభైమందీ తలలూపారు. వెనక ముఖాలూ ఊగాయి.

పులిని చూపినందుకు మొండయ్యకు శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చారు. అతను మైకును నేలమీద పెట్టి, శాలువా దానికి కప్పి, ఇంటిదారి పట్టాడు.

సక్కుబాయి ఎలా పోయిందని ఆ తర్వాత ఎవరడిగినా చెప్పలేదు. ఇక చెప్పడు.