చెరువును జరిపిన మహీపాల్

ఆ శనివారం ఉదయం మహీపాల్ పెట్టుకున్న పని చాలా చిన్నది. టీ తాగి, చేతిలో ఇమిడే జీపీఎస్ మిషన్ పట్టుకుని కాలనీ అంతా ఒక చుట్టు తిరిగి, అందులోకి పటం సరిగ్గా ఎక్కిందో లేదో చూసుకోవాలి. పదింటికల్లా దిల్‌సుఖ్‌నగర్ మ్యాచింగ్ సెంటర్‌కు పోయి ఎప్పటిలాగే జాకెట్టు ముక్కలు అమ్మాలి. అసలు పని ఆదివారం నాటిది. ఆదివారం తల్లి పెంటమ్మను తీసుకుని బోడగుట్టపాడు పోవాలి.

బోడగుట్టపాడు నల్లగొండ జిల్లాలో ఉండేది. మహీపాల్‌కు పదేళ్ళప్పుడు ప్రాజెక్టు కట్టి నీళ్ళు నింపితే మునిగిపోయింది. నలభై రెండేళ్ళుగా పెంటమ్మది ఒకటే కోరిక, చచ్చేలోపల ఒక్కసారి తన ఇంటి గడప ఉన్నచోట నిలబడాలని. దసరాకు చీర తెచ్చినా, మోకాళ్ళకు దవాఖానలో చూపించినా ఆ మాట రాకుండా ఉండదు. మహీపాల్‌కు కూడా లేదా ఆ బెంగ? ఉంది. మగవాడు కనుక పైకి చెప్పడు, అంతే.

ఈ ఎండాకాలం ప్రాజెక్టులో నీళ్ళు అడుగంటాయి. అటువైపే ఉండే మేనమామ తిరుపతి ఫోన్ చేశాడు. "మన ఊరి జాగ తేలింది మహీ. గాని అంత ఒండ్రే, ఎవరిల్లు యాడుండెనో ఎవలకు తెలుస్తలేదు. సోమారం మీదికెల్లి నీళ్లిడుస్తరంట. ఒస్తే ఐతారం రాండ్రి, లేకుంటే ఇగ లేదు."

ఇల్లు ఎక్కడుందో తేల్చడానికే ఈ మిషన్. మహీపాల్ దాన్ని పాత సామాన్ల దుకాణంలో పట్టుకున్నాడు. ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు మౌనిక యాభై ఏళ్ళ కిందటి సర్వే షీటును ఇంటర్నెట్టులో పట్టుకుంది. గుట్టలు గోధుమరంగు గీతలు, వాగులు నీలం, ఇళ్ళు ఎర్ర చుక్కలు. పెంటమ్మ కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకుని, ఊరిబావి పక్కన మూడో చుక్క మీద వేలు పెట్టి "గిదే" అంది. ఆ వేలు తీసేదాకా మౌనికకు పని సాగలేదు.

"పాత షీట్లు పాత లెక్కల గీసిండ్రు నాన్నా," అంది మౌనిక. "మిషన్ల సవరణ అంకె అని ఒకటుంటది. అది తప్పు పెడితే ఎక్కించిన పటాలన్నీ పక్కకు జరుగుతయ్. మన కాలనీ షీటు కూడ ఎక్కించిన. పోయి పాత హనుమాండ్ల గుడికాడ నిలబడు. గుడి మీదనే చూపిస్తే అంకె కరెక్టు."

గుడి దగ్గర గుడే చూపించింది. పని అయిపోయింది. అక్కడి నుంచి నేరుగా ఇంటికి వచ్చి ఉంటే ఈ కథే లేదు. కానీ మూడో లైన్లోకి తిరగగానే తెర నీలమైంది. ముప్పై ఏళ్ళుగా రకరకాల నీలం గుడ్డలు అమ్ముతున్న మనిషి, అది చెరువు నీలమని ఇట్టే పోల్చుకున్నాడు. సరదా పుట్టి, ఒడ్డు ఎక్కడుందో చూద్దామని గేటు గేటుకూ ఆగుతూ, రెండడుగులు ముందుకీ రెండడుగులు వెనక్కీ వేయసాగాడు. ఎండకు టోపీ కూడా పెట్టుకున్నాడు.

పాల ప్యాకెట్లతో వస్తున్న కాలనీ సంఘం అధ్యక్షుడు రామారావు ఇది చూశాడు.

"ఏవండీ మహీపాల్ గారూ, పొద్దున్నే ఏంటండీ కొలుస్తున్నారు?"

మహీపాల్‌కు అబద్ధం చెప్పడం రాదు. "ఏం లేదు సార్. పాత పటం చూస్తున్న. గీ మూడో లైన్ మొత్తం చెరువుల ఉండె. మీ ఇల్లు సగం నీళ్లల్ల, సగం ఒడ్డుమీద."

రామారావు చేతిలో ఒక ప్యాకెట్టు జారి పగిలింది. చెరువుల్లో కట్టిన ఇళ్ళను కూల్చడం ఆయన టీవీలో రోజూ చూస్తున్నాడు. "ఎవరు పంపారండీ మిమ్మల్ని?"

"మా అమ్మ."

పెద్ద తలకాయల పేరు బయట పెట్టడం ఇష్టంలేక దాస్తున్నాడని రామారావుకు రూఢి అయింది.

ఎనిమిదింటికి కాలనీ వాట్సాప్ గ్రూపులో సర్వే మొదలైంది. తొమ్మిదింటికి మూడో లైన్ ఇళ్ళకు గ్రూపులోనే కూల్చివేత మార్కింగ్ కూడా పడిపోయింది. మార్కింగ్ పడిన ఇంటి టీచరు విజయశ్రీ పరుగున వచ్చి, "అంతా అయిపోయినట్టేనా అన్నా?" అని అడిగింది. మహీపాల్ ఊరి ప్రయాణం మనసులో పెట్టుకుని, "ఎక్కడ టీచరమ్మా, అసలు పని రేపు పొద్దుగాల ఐదింటికి," అన్నాడు. దాంతో పదింటికల్లా గ్రూపులో కూల్చివేత ముహూర్తం కూడా ఖాయమైంది. ఒకాయన కొత్తగా వేసిన పోర్టికో రేకులు తనే విప్పేసుకున్నాడు. ఇంకొకాయన ప్రహరీ గోడకు పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. దేవుడున్న గోడను ఎవరు కూలుస్తారని ఆయన ధైర్యం.

తర్వాత మహీపాల్ ఇంటికి గిన్నెలు రావడం మొదలైంది. ఇడ్లీ, పులిహోర, సకినాలు, ఒక డబ్బా నిండా కజ్జికాయలు. ఇది తన సొంత మిషన్ అనీ, సర్కారుకు దీనితో సంబంధం లేదనీ మహీపాల్ ఆరుసార్లు చెప్పాడు. ఏడోసారి చెప్పబోతే నోట్లో మైసూర్‌పాక్ పెట్టారు. పెంటమ్మ మాత్రం పొంగిపోయింది. "మన ఊరికి పోతున్నమని తెల్సి సద్ది పంపిండ్రు. ఎంత మంచోళ్లు!" అని ఒక్కొక్కటీ మూటగట్టి పెట్టింది. ఆ రోజు మహీపాల్ దుకాణం ముఖం చూడలేదు.

సాయంత్రం కమ్యూనిటీ హాల్లో అత్యవసర సమావేశం. మౌనిక లేచి పాత పటమంటే ఏమిటో ఓపికగా వివరించింది. అంతటితో ఆపి ఉండాల్సింది. "గీ సవరణ అంకె మారిస్తే చెరువు ఎటంటే అటు జరుగుతది, గింతనే," అని కూడా అంది.

హాల్లో తలలన్నీ మిషన్ వైపు తిరిగాయి.

"అయితే జరపండమ్మా!" అన్నాడు రామారావు.

మౌనిక అంకె మార్చింది. మూడో లైన్ ఒడ్డెక్కింది, ఒకటో లైన్ మునిగింది. ఒకటో లైన్ వాళ్ళు కుర్చీలు తన్నుకుంటూ లేచారు. మళ్ళీ మార్చింది. ఈసారి అయిదో లైన్ వాళ్ళు లేచారు. గంటసేపు చెరువు కాలనీలో తిరగని గల్లీ లేదు. చివరికి ఒకేసారి నాలుగు వందల మీటర్లు జరిపి మెయిన్ రోడ్డు మీద పెట్టారు. అక్కడ ఎవరి ఇల్లూ లేదు. వానపడితే ఎలాగూ అక్కడ చెరువే కనుక ఎవరికీ అభ్యంతరం కనిపించలేదు. మహీపాల్‌కు శాలువా కప్పారు. 'చెరువు ఏకగ్రీవంగా జరపబడినది' అని రామారావు మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాడు.

ఆదివారం ఐదింటికి కాలనీకి కాలనీ గేట్ల దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడింది. కిరాయి కారులో మహీపాల్ తల్లినీ కూతురినీ ఎక్కించుకుని వెళ్ళిపోవడం చూసి ఊపిరి పీల్చుకుంది.

ప్రాజెక్టు దగ్గర తిరుపతి దారి చూపించి గట్టుమీద ఆగిపోయాడు. పగుళ్ళిచ్చిన ఒండ్రు మీద ముగ్గురూ నడిచారు. చెట్టు లేదు, గోడ లేదు, బావి ఆనవాలు లేదు. మహీపాల్ నాలుగు దిక్కులా తిరిగి చూశాడు. ఈ బయలులోనే ఎక్కడో తను ఆడుకున్న వాకిలి ఉంది, పోల్చుకోలేకపోతున్నాడు. మిషన్ కీచుమంది. తెర మీద ఎర్ర చుక్క సరిగ్గా వాళ్ళ కాళ్ళ కింద ఉంది.

పెంటమ్మ చెప్పులు విడిచింది. చుట్టూ చూసింది. దూరాన ఉన్న గుట్టను చూసింది. కింద కూర్చుని చిటికెడు మన్ను తీసి కళ్ళకద్దుకుంది. మహీపాల్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నాన్నా!" అంది మౌనిక నెమ్మదిగా. "నిన్నటి అంకె గట్లనే ఉన్నది."

ఆమె అంకె సరిచేసింది. ఎర్ర చుక్క వాళ్ళ కాళ్ళ కింది నుంచి కదిలి నాలుగు వందల మీటర్ల అవతలికి పోయింది. అక్కడ నీళ్ళున్నాయి. ప్రాజెక్టులో మిగిలిన నీళ్ళన్నీ అక్కడే ఉన్నాయి.

"అమ్మా, తప్పైంది," అన్నాడు మహీపాల్. "గిది మనిల్లు కాదు. మనది ఇంక నీళ్లల్లనే ఉన్నది."

"నాకెరుకే. మనింటికాడ తూర్పుదిక్కు మొగంబెట్టి నిలబడితే గుట్ట కుడిచేతికి రావాలె, గీడ ఎడమకొచ్చింది. గిది అండాలమ్మోళ్ల జొన్నచేను."

"మరి చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె బిడ్డా? గీ చేన్ల కంకులు తెంపుకొని తిన్నదాన్నే గద. కాళ్లకింద మన్నున్నది, మన ఊరి మన్ను. సగం కడుపు నిండింది." నీళ్ళ వైపు చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకోలేదు. తర్వాత మనవరాలి చెయ్యి పట్టుకుంది. "మౌనికా, గా అంకె మళ్ల మార్చు."

"అది తప్పంకె నానమ్మా."

"తప్పయితేంది? వాళ్ల ఇండ్లు కూలొద్దని నిన్న చెరువునే జరిపితిరి. నా ఒక్క ఇల్లు ఒడ్డుకు జరపరాదా?"

మౌనిక తండ్రి వైపు చూసింది. మహీపాల్ తలూపాడు. ఎర్ర చుక్క నీళ్ళలోంచి బయటికి వచ్చి, పెంటమ్మ కాళ్ళ దగ్గర ఆగింది.

బోడగుట్టపాడు ముంపు ఇళ్ళలో పునరావాసం పూర్తయిన మొదటి ఇల్లు అదే.