కూర్మయ్యకు కనబడని డిస్కు

నరసన్నపేట రైసుమిల్లులో గుమస్తా కూర్మయ్యకు ఒక జబ్బుంది. బాగా పనిచేసే వస్తువును చూస్తే ఇంకా బాగుచెయ్యాలనిపిస్తుంది. ఆయన బాగుచేశాక మిక్సీ మూగబోయింది. భార్య కుసుమకుమారి ఇంట్లో బట్టలు కుడుతుంది గనక, కుట్టుమిషను దరిదాపులకు ఆయన్ని రానివ్వదు.

ఈసారి ఆయన కన్ను పద్దెనిమిదేళ్ల కంప్యూటర్ మీద పడింది. విండోస్ తీసేసి లినక్స్ ఎక్కిస్తే అది లేడిపిల్లలా పరిగెడుతుందని ఎవరో వీడియోలో చెప్పారట.

"అందులో మాయమ్మ ఈడియో ఉన్నాది మావా. అదొక్కటే ఉన్నాది," అంది కుసుమ.

తల్లి తవిటమ్మ పోయి ఏడాదైంది. గృహప్రవేశం నాడు ఆవిడ నవ్వుతూ మాట్లాడిన నాలుగు నిమిషాలు ఆ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేవు.

"ముందల కాపీ తీసీసే ముట్టుకుంతాను."

"మూడు నెల్లయి ఆ మాటే సెప్తన్నావు."

ముసురు పట్టింది. మిల్లు మూశారు. కూర్మయ్య లినక్స్ ఉన్న పెన్ డ్రైవ్ గుచ్చి కూర్చున్నాడు. కాపీ సంగతి మర్చేపోయాడు. డిస్కు కనబడటం లేదంది తెర.

పాత యంత్రాల్లో డిస్కును గుర్తుపట్టించే ప్రోగ్రాము ఒకటి కావాలనీ, దాన్ని డ్రైవర్ అంటారనీ ఫోన్లో చదివాడు.

"డ్రైవర్ లేదంట," అన్నాడు దిగాలుగా.

"సాలూరెల్లి అడుగు. లారీకొకడుంతాడు."

మొదటిరోజు సెట్టింగులన్నీ మార్చాడు. రెండోరోజు మార్చినవన్నీ మళ్లీ వెనక్కి మార్చాడు. మూడోరోజు తన సొంత పెన్ డ్రైవ్‌లోకి ఏదో డ్రైవర్ దింపి, దాన్నీ గుచ్చాడు. తెరమీద డిస్కు ప్రత్యక్షమైంది! మొత్తం తుడిచెయ్యనా అని అడిగింది. ఆ సంబరంలో అవునని నొక్కేశాడు.

అంతా తుడుచుకుపోయాక అత్తగారు గుర్తొచ్చింది.

ఆ పూట చేపలపులుసు ముట్టలేదు. పోయిన మనిషిని తానే రెండోసారి చంపినట్టు కుమిలిపోయాడు. సాయంత్రానికి దాచుకోలేక మిషను పక్కన కూలబడ్డాడు.

"కుసుమా, మీయమ్మని తుడిసీసినానే!"

కుసుమ మిషను ఆపలేదు. "ఏటి తుడిసినావు? నువ్వు లినక్స్ పెన్ డ్రైవ్ తెచ్చినరోజే మరలిప్పి డిస్కు తీసీసినాను. బియ్యం డ్రమ్ములో ఉన్నాది."

"మరి మూడ్రోజులూ సూస్తా ఊరుకున్నావేటి?"

"ముసుర్లో ఊరంట తిరక్కుండా ఇంటికాడున్నావు కదా."

కూర్మయ్యకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ముఖం వాడిపోయింది. "మరి తుడిసిందేటి?"

తెరమీద డిస్కుగా కనబడిందీ, తుడిచిందీ ఆయన సొంత పెన్ డ్రైవ్‌నే. అందులో ఇరవయ్యేళ్లుగా జాతరల్లో నాటకాలాడుతూ తాను పాడిన పద్యాలున్నాయి. వాటికీ కాపీ లేదు.

ఈసారి కుసుమ మిషను ఆపింది. ఆ పద్యాలంటే ఆమెకు చెవిపోటు. అయినా మొగుడి ముఖం చూసి లేచింది. బియ్యంలోంచి డిస్కు తీసి, తుడిచి, తనే బిగించి వీడియో పెట్టింది.

తెరమీద తవిటమ్మ నవ్వుతోంది. వెనకాల ఎక్కడో కూర్మయ్య పద్యం ఎత్తుకున్నాడు. రెండో పాదం కూడా దాటలేదు, తవిటమ్మ వెనక్కి తిరిగింది.

"అల్లుడుబాబుని కూసింతసేపు ఊరుకోమనండర్రా, నాను మాటాడతన్నాను!"

పద్యం అక్కడ ఆగిపోయింది. ఇన్నేళ్ల పాటలో ఆయనకు మిగిలింది అంతే.

"ఇంకోపాలి పెట్టవే," అన్నాడు కూర్మయ్య కళ్లు ఒత్తుకుంటూ.

కుసుమ మళ్లీ మొదటినుంచి పెట్టింది.