అత్తగారి ప్లేట్‌లెట్లు

ఆ వేళ ఇడ్లీల కేరియరు ఆసుపత్రిలో ఇచ్చేసి, పది గంటలకల్లా బేగంపేట ఆఫీసులో కూర్చోవాలన్నది వరహాలబాబు ఏర్పాటు. పాపం, అత్తగారున్న చోట మన ఏర్పాట్లు సాగుతాయా?

బావమరిది వాసుకు డెంగీ. పద్మారావు నగర్‌లోని నర్సింగ్‌హోమ్‌లో మూడు రోజులుగా ఉన్నాడు. ప్లేట్‌లెట్లు నలభై వేలున్నాయి, ఎక్కడా రక్తం కారడం లేదు, ఎక్కించనక్కర్లేదని డాక్టర్ లీలాకుమారి ఎన్నిసార్లు చెప్పినా అత్తగారు గవరమ్మ చెవికెక్కలేదు.

"ఎదురుగదిలో కుర్రాడికి నాలుగు సంచులెక్కించినారు. మనోడికి ఒక్కటీ నేదేటి బాబూ? మనకి దిక్కు నేదనుకున్నారా?"

ఆ మాట అల్లుడికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వెంటనే రక్తదాతలు కావాలని ఆఫీసులో విజయేందర్‌కు ఎసెమ్మెస్ కొట్టాడు. అది సెల్లు నుంచి సెల్లుకు పాకి, మధ్యాహ్నానికి ఆ కబురులో జ్వరం వాసును వదిలి వరహాలబాబునే పట్టుకుంది. ఆసుపత్రి ముందు ఆఫీసు బస్సు నిండా ముప్ఫైమంది దిగారు. ముందు దిగిన విజయేందర్ ఖాళీ కేరియరుతో ఎదురొచ్చిన వరహాలబాబును చూసి కాస్త నిరుత్సాహపడ్డాడు.

"ఏందన్నా, మంచిగనే ఉన్నవ్? నీ ప్రాజెక్టు సుత వేరేటోళ్లకు ఇచ్చేసిన్రు."

వచ్చినవాళ్లను వట్టి చేతులతో పంపడం బాగుండదని అందరిచేతా రక్తం ఇప్పించారు. దానికి బదులుగా సాయంత్రానికి బ్లడ్ బ్యాంకు నుంచి వాసు పేరు మీద ఆరు ప్లేట్‌లెట్ల సంచులొచ్చాయి. గవరమ్మ ముఖం వెలిగిపోయింది.

అప్పుడే పక్కగదిలో డెంగీతోనే ఉన్న భవాని అనే అమ్మాయికి ముక్కునుంచి రక్తం మొదలైంది. ప్లేట్‌లెట్లు ఎనిమిది వేలకు పడిపోయాయి. అవి రాత్రి నుంచే తగ్గుతుండడంతో ఆమె భర్త భద్రయ్య పొద్దుటి నుంచి సికింద్రాబాదంతా తిరిగాడు. జ్వరమొచ్చిన ప్రతివాడూ ముందుజాగ్రత్తగా సంచులు రాయించుకోవడంతో ఎక్కడా ఒక్కటి దొరకలేదు. వాసుకొచ్చినవి ఆమెకు ఎక్కించాలంటే వరహాలబాబు సంతకం కావాలని లీలాకుమారి కాగితం తెచ్చింది.

వరహాలబాబు కలం మూత తీసి గవరమ్మ వైపు చూశాడు. ఆయనకు దోమకన్నా అత్తగారంటేనే భయం. గవరమ్మ పక్కగదిలోకి వెళ్లింది. భవాని ముక్కుకు అదిమిపెట్టిన తడిసిన తువ్వాలు చూసింది. తిరిగొచ్చి అల్లుణ్ణి గదిమింది.

"సంతకం ఎట్టీ బాబూ. ఇంకా ఏటాలోసిస్తన్నావు?"

తెల్లారేసరికి భవానికి రక్తం కట్టింది. భద్రయ్య వచ్చి గవరమ్మ కాళ్లకు దండం పెట్టబోతే, ఆవిడ సిగ్గుపడి కాళ్లు లాక్కుంది. మరో రెండ్రోజుల్లో వాసుకు ఏ సంచీ ఎక్కించకుండానే ప్లేట్‌లెట్లు తొంభై వేలకు పెరిగాయి.

గవరమ్మ అనకాపల్లిలో చుట్టాలకు ఫోను కలిపింది. "మనోడికేటమ్మా, ఎక్కువైపోనాయి. మిగిలినవి పక్కగది పిల్లకి ఇచ్చీసినాం."

పక్కనే నిలబడి విన్న డాక్టరమ్మ కూడా దిద్దలేదు.